మోటారు రథాల జీర్ణోద్ధరణ

జీర్ణోద్ధరణ అన్న మాట వినగానే తెలుగువారికి మొదట స్ఫురించేది దేవాలయం. గోపురం బీటలు వారినప్పుడు, ప్రాకారం ఒరిగినప్పుడు, ధ్వజస్తంభం పుచ్చిపోయినప్పుడు ఊరివారు చందాలు పోగుచేసి, శిల్పులను పిలిపించి, శిథిలమైనదానిని మరల నిలబెడతారు. రాళ్లు మారవచ్చు, దూలాలు మారవచ్చు; ఐనా అది వెనుకటి దేవాలయమే తప్ప వేరొకటి వెలసినట్లు ఎవ్వరూ భావించరు. ఇంత పవిత్రమైన మాటను తుప్పుపట్టిన మోటారుకారుకు అన్వయిస్తే విన్నవారు నవ్వవచ్చు. కాని పాత కార్లను బాగుచేయడమే వ్యాసంగంగా పెట్టుకున్నవారిని దగ్గరనుండి చూస్తే ఇంతకంటె తగిన మాట దొరకదు. మామూలు మరమ్మతు చేసేవానికి బండి నడిస్తే చాలు. వీరికి నడవడం చాలదు. ఏ సంవత్సరంలో ఏ చేతులలో రూపొందినదో ఆ రూపంతోనే నడవాలి. చిక్కు వచ్చేది ఇక్కడనే. ఎంతవరకు పాతది తీసి కొత్తది వేస్తే అది పాత కారుగా నిలుస్తుంది? ఏ హద్దు దాటితే పాత పేరు పెట్టుకున్న కొత్త కారవుతుంది? చూడడానికి చిన్నదైన ఈ ప్రశ్న న్యాయస్థానాల వరకు పోయినది, చట్టాలలోనికి కూడా ఎక్కినది.

ఈ వ్యాసంగం సంఘాలు, నియమాలు ఏర్పరచుకుని స్థిరపడినది ముఖ్యంగా ఇంగ్లండులో. అక్కడ ఏటా నవంబరు నెల మొదటి ఆదివారంనాడు, తెల్లవారుతుండగా, లండనులోని హైడ్ పార్కునుండి ఒక విచిత్రమైన ఊరేగింపు బయలుదేరుతుంది. 1905 జనవరి 1వ తేదీకి ముందు తయారైన మోటారుబండ్లకు మాత్రమే అందులో ప్రవేశం. కొన్నింటికి స్టీరింగు చక్రమైనా ఉండదు. పడవ చుక్కాని వంటి కడ్డీని పట్టుకుని నడపాలి. కొన్ని ఆవిరితో నడుస్తవి, కొన్ని విద్యుత్తుతో నడుస్తవి. చాలావాటికి పైకప్పు లేదు, ముందు అద్దం లేదు. చలిలో కంబళ్లు కప్పుకున్న ప్రయాణికులతో, దాదాపు అరవై మైళ్ల దూరాన సముద్రతీరంలో ఉన్న బ్రైటన్ పట్టణానికి ఆ బండ్లు దగ్గుతూ, పొగలు కక్కుతూ సాగుతవి. అన్నీ చేరవు. దారి ప్రక్కన ఆగిపోయిన బండి మూత ఎత్తి, నల్లబడిన చేతులతో ఏదో వెదకుతున్న యజమానులు ప్రతి ఏడూ కనిపిస్తారు. వారి ముఖాలలో విసుగు కంటె ఉత్సాహమే ఎక్కువగా ఉండడం చూసినవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఈ యాత్రకు మూలం ఒక చట్టం. పందొమ్మిదవ శతాబ్దిలో ఇంగ్లండులో గుర్రం లేకుండా నడిచే బండి గంటకు నాలుగు మైళ్లకు మించి పోరాదనీ, ఊళ్లలోనైతే రెండు మైళ్లకు మించరాదనీ నిర్బంధం ఉండేది. పైగా దాని ముందు ఒక మనిషి కాలినడకన పోవాలి. 1865 నాటి చట్టం ప్రకారం అతని చేతిలో ఎర్రజెండా కూడా ఉండవలసినదే. 1896లో వచ్చిన కొత్త చట్టం ఆ మనిషిని తొలగించి, వేగాన్ని పద్నాలుగు మైళ్లకు పెంచినది. అది అమలులోనికి వచ్చిన నవంబరు 14వ తేదీన మోటారు అభిమానులు తమ విమోచనను చాటుతూ లండనునుండి బ్రైటనుకు బండ్లు తోలుకుని పోయినారు. 1927లో ఆ ప్రయాణాన్ని స్మరిస్తూ మరల యాత్ర జరిపారు. అప్పటికి ఆ తొలి బండ్ల వయస్సు ముప్పది ఏండ్లు దాటినా దాటకపోయినా, లోకం దృష్టిలో అవి పాతసామానుల కొట్టుకు పోవలసిన ఇనుము మాత్రమే. వాటిని కాపాడాలన్న సంకల్పంతో 1930లో వెటరన్ కార్ క్లబ్బు, 1934లో వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు ఏర్పడినవి. అమెరికాలో 1935లో అటువంటి సంఘమే వెలసినది. 1953లో వచ్చిన 'జెనివీవ్' అనే హాస్య చలనచిత్రం ఈ బ్రైటన్ యాత్రనే ఇతివృత్తంగా తీసుకున్నది. ఆ పేరు కథానాయికది కాదు, డరాక్ అనే పాత కారుది! ఆ చిత్రం తరువాత ఈ అభిరుచి సామాన్య గృహస్థుల దాకా ప్రాకినది.

సంఘాలు ఏర్పడగానే వర్గీకరణ మొదలైనది. వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు లెక్కలో 1919 మొదలు 1930 చివరివరకు తయారైనవే వింటేజ్ కార్లు. ప్రాఙ్నన్నయ యుగం, శివకవి యుగం, ప్రబంధ యుగం అని సాహిత్య చరిత్రకారులు విభజించుకున్నట్లే ఇదీను. సరిహద్దుల వద్ద తగవులు కూడా అట్లాగే ఉంటవి. మన దేశంలో మాత్రం కొంచెం పాతబడిన ప్రతి కారునూ వింటేజ్ అనడం అలవాటైపోయినది.

ఇక పని సంగతి. శిథిలమైన కారు చేతికి వచ్చిన వెంటనే చేయవలసిన మొదటి పని, ఏమీ చేయకుండా ఉండడం. అనుభవజ్ఞులందరూ చెప్పే మాట ఇది. ముందు దానిని నలువైపులా ఛాయాచిత్రాలు తీయాలి. ఏ తీగ ఎటు పోయినదో, ఏ బోల్టు ఎంత పొడుగున్నదో వ్రాసుకోవాలి. విప్పిన ప్రతి వస్తువుకూ చీటీ కట్టి, డబ్బాలలో వేరువేరుగా పెట్టాలి. ఉత్సాహం పట్టలేక పానా చేతబట్టి ఒక ఆదివారంలో కారంతా విప్పివేసినవారు తరువాత పది సంవత్సరాలు ఆ ముక్కలకు కాపలా కాసిన సందర్భాలు లేకపోలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలు మోటారుకారు విప్పి చూచి ఉండరు.

ఏండ్ల తరబడి కదలని ఇంజనులో పిస్టన్లు తుప్పు కారణంగా సిలిండరు గోడలకు అంటుకుపోయి ఉంటవి. బలవంతంగా త్రిప్పితే విరుగుతవి. అందుచేత స్పార్కుప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలగుండా పలుచని నూనె పోసి, రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు వేచి ఉంటారు. తరువాత క్రాంకును వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనుకకు కదిలించి చూస్తారు. కదలకపోతే మరల నూనె, మరల నిరీక్షణ. తొందర అన్నది ఈ వ్యాసంగానికి ఆగర్భశత్రువు.

మరచుట్ల వ్యవహారం మరొక చిక్కు. పూర్వం ఇంగ్లండు కార్లకు విట్‌వర్త్ కొలతలు, ఐరోపా ఖండపు కార్లకు మెట్రిక్ కొలతలు ఉండేవి. ఐతే ఇంగ్లండువాడైన విలియం మారిస్ తన కార్ల ఇంజన్లను కొంతకాలం హాచ్‌కిస్ అనే ఫ్రెంచి సంస్థవారి కవెంట్రీ కార్ఖానాలో చేయించి, 1923లో ఆ కార్ఖానానే కొన్నాడు. అక్కడి యంత్రాలు కోసే మరలు మెట్రిక్ కొలతవి. యంత్రాలు మార్చడం ఖర్చు. ఇంగ్లీషు మెకానిక్కుల చేతులలో ఉన్న పానాలేమో విట్‌వర్త్‌వి. అందుకని మరచుట్టు మెట్రిక్‌గా, బోల్టు తల విట్‌వర్త్‌గా ఉండే ఒక సంకరజాతి పుట్టినది. ఈ రహస్యం తెలియనివాడు తల కొలత చూచి కొత్త బోల్టు తెచ్చి బిగిస్తే, ఏండ్ల నాటి ఇంజను దిమ్మెలోని మరలు ఒక్క క్షణంలో నలిగిపోతవి. ఒక బోల్టులో రెండు దేశాల పారిశ్రామిక చరిత్ర ఇమిడి ఉండడం విద్యార్థులు గమనింపదగిన విషయం.

అన్నింటిలోకీ కష్టమైనది బేరింగుల పోత. క్రాంకు తిరిగే చోట రాపిడిని తట్టుకోవడానికి పాత ఇంజన్లలో తెల్లలోహాన్ని వాడేవారు. తగరం ప్రధానంగా, కొంచెం రాగి, కొంచెం ఆంటిమొని కలిసిన ఈ మిశ్రమాన్ని 1839లో ఐజాక్ బాబిట్ అనే అమెరికను రూపొందించాడు. అరిగిన లోహాన్ని కరగించి తీసివేసి, చిప్పకు కళాయి పూసి, అచ్చును తగినంత వేడిచేసి, కరిగిన కొత్త లోహాన్ని ఒక్క ధారగా పోయాలి. వేడి తగ్గితే లోహం పట్టుకోదు. ఎక్కువైతే కళాయి చెడుతుంది. చల్లారిన తరువాత తొలిచి, ఆపైన చేతితో గీకి సరిచేస్తారు. క్రాంకుకు పలుచగా నీలిరంగు పూసి, బేరింగులో ఒకసారి త్రిప్పి తీస్తే ఎత్తుగా ఉన్నచోట నీలిమచ్చ పడుతుంది. ఆ మచ్చను గీకాలి, మరల రంగు పూయాలి, మరల త్రిప్పాలి. మచ్చలు నలుమూలలా సమంగా పడేవరకు ఇదే జపం. ఈ విద్య గ్రంథాలలో ఉన్నది. ఐనా చూచి, చేసి నేర్చుకున్నవారి వద్ద తప్ప అబ్బదు. నేర్చినవారు వృద్ధులవుతున్నారు. ఈ వ్యాసంగంలో ఉన్నవారిని కార్ల కొరత కంటె ఈ చేతుల కొరతే ఎక్కువగా బాధిస్తున్నది.

కారు శరీరం పని వడ్రంగిది, రేకుపనివానిది. రోల్స్-రాయిస్ వంటి సంస్థలు ఆ రోజులలో ఇంజను, చాసిస్ మాత్రమే తయారుచేసి అమ్మేవి. కొన్నవారు దానిని మరొక కార్ఖానాకు పంపి తమ అభిరుచికి తగిన శరీరం కట్టించుకునేవారు. ఆ కార్ఖానాలలో పేరుపొందినవి చాలా వరకు అంతకుముందు గుర్రపుబగ్గీలు కట్టినవే. కనుకనే రేకు క్రింద కొయ్యచట్రం ఉంటుంది. ఇంగ్లండులో దీనికి ఆష్ అనే చెట్టు కొయ్యను వాడేవారు. అది అదురును ఓర్చుకుంటుంది, మేకును గట్టిగా పట్టుకుంటుంది. పైకి నిగనిగలాడే కారు తలుపు తెరిచి లోపలి కొయ్యను వేలితో నొక్కితే పొడి రాలిన అనుభవం ఈ అభిమానులలో చాలామందికి ఉన్నది.

రంగు గురించి రెండు మాటలు. తొలినాళ్లలో కార్లకు వార్నిషురంగును కుంచెతో పూతమీద పూతగా వేసేవారు. ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డు మోడల్ టి 1914 నుండి 1925 వరకు నలుపురంగులోనే వచ్చినది. 1920ల మధ్యలో త్వరగా ఆరే నైట్రోసెల్యులోజు రంగులు వచ్చి ఆ నిరీక్షణను తప్పించినవి. నేటి రంగులు వాటన్నింటి కంటె మెరుస్తవి, మన్నుతవి. అందుచేతనే వాటిని పాత కారుకు వేస్తే, తాతగారి ఛాయాచిత్రానికి మనుమడి ముఖం అతికించినట్లుంటుంది. పెట్రోలుది వేరొక కథ. సీసం కలిపిన పెట్రోలుకు అలవాటుపడిన ఇంజన్లు ఆ పెట్రోలు పోయిన తరువాత వాల్వుల వద్ద అరుగుదలకు గురైనవి. మన దేశంలో 2000 సంవత్సరంలో దానిని మానివేశారు. ప్రపంచంలో చివరిగా 2021లో అల్జీరియాలో దాని విక్రయం ఆగినది. ప్రజల ఆరోగ్యానికి అది మంచిదే. నేడు ఇథనాలు కలిపిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను ఉబ్బజేసి పాడుచేస్తున్నది. వాటిని మార్చక తప్పదు.

విడిభాగాల సంగతికి వస్తే అదృష్టం కారుకారుకూ మారుతుంది. 1908 నుండి 1927 వరకు కోటిన్నర మోడల్ టి కార్లు తయారైనవి. వాటికి కావలసిన భాగాలను ఇప్పటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. కొన్ని కార్లకు అటువంటి ఆశ లేదు. ఉన్న ముక్కను చూచి అచ్చు తీసి పోతపోయించుకోవాలి. 2018లో పోర్షె సంస్థ తన పాత కార్లకు కొన్ని భాగాలను త్రిమితీయ ముద్రణ పద్ధతిలో తయారుచేయడం మొదలుపెట్టినది. అంటే ఇక ముందు చేయలేని ముక్క అంటూ ఉండకపోవచ్చు. సౌకర్యం పెరిగినకొద్దీ మొదటి ప్రశ్న మరింత పదునెక్కుతుంది. అన్ని ముక్కలూ కొత్తవి చేయగలిగిననాడు, పాతది అనిపించుకోవడానికి మిగిలేదేమిటి?

ఈ ప్రశ్న 1990లో ఇంగ్లండు హైకోర్టు ముందుకు నిజంగానే వచ్చినది. వివాదానికి కారణమైన కారు పేరు 'ఓల్డ్ నంబర్ వన్'. బెంట్లీ సంస్థవారి స్పీడ్ సిక్స్ జాతికి చెందిన పందెపు కారు. ఫ్రాన్సులో లె మాన్స్ వద్ద ఇరవైనాలుగు గంటలపాటు ఎడతెగక జరిగే పందెంలో 1929లోను, 1930లోను వరుసగా గెలిచినది. రెండుసార్లూ దానిని నడిపినవారిలో వుల్ఫ్ బర్నాటో ఉన్నాడు. ఆయన ఆ సంస్థకు అధ్యక్షుడు కూడాను. పందెపు కారు బ్రతుకు ఎట్లాంటిదో చెప్పనక్కరలేదు. ప్రతి పందెం తరువాత అరిగినవి తీసివేస్తారు, విరిగినవి మారుస్తారు, మరింత బలమైనవి వేస్తారు. 1932 నాటికి దానిలో ఎనిమిది లీటర్ల ఇంజను వెలసినది. ఆ సెప్టెంబరులో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటపై అది గట్టు దాటి ఎగిరిపడి, నడుపుతున్న క్లైవ్ డన్ఫీ మరణించాడు. ఆ శిథిలాలను మరల కూర్చి, వేరొక శరీరం తొడిగారు. దశాబ్దాలు గడిచిన తరువాత ఆ శరీరాన్ని కూడా తీసి, 1932 నాటి ఆకృతిని అనుకరించే శరీరం కట్టారు.

1990 ఏప్రిల్‌లో దాని యజమాని కోటి పౌండ్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకున్నాడు. కొన్న సంస్థ వెనుదీసినది. ఇది లె మాన్స్ గెలిచిన కారు కాదు, ఆ పేరు పెట్టుకున్న వేరొక కారని వారి వాదం. జస్టిస్ ఆటన్ కారు చరిత్రను ఏటికేడు పరిశీలించాడు. తేలినదేమంటే, 1929 నాటి కారులోనిదని చెప్పదగినది దాదాపు ఏమీ లేదు. 1930 నాటి కారులోనివి పెడళ్ల ఇరుసు, గేరుబాక్సు పెట్టె, స్టీరింగు కడ్డీ మాత్రమే. 1932 నాటిది మాత్రం శరీరం తప్ప చాలావరకు నిలిచి ఉన్నది.

ఇంత విన్నవాడు కారు నకిలీదని తీర్పు వస్తుందని ఊహిస్తాడు. తీర్పు అట్లా రాలేదు. ఈ కారు మౌలిక రూపంలో ఉన్నదని చెప్పడానికి వీలులేదని న్యాయమూర్తి ఒప్పుకున్నాడు. కాని మార్పులు ఒక్కసారిగా కాక, పందెం తరువాత పందెంగా వచ్చినవి. ప్రతి కొత్త భాగమూ పాతవాటితో కలిసి కొంతకాలం నడిచి, ఆ కారులో లీనమైన తరువాతనే మరొకటి మారినది. నడుమ ఎక్కడా అది లేకుండా పోలేదు. ఆ పేరుకు, ఆ కీర్తికి హక్కు చెప్పగల మరొక బెంట్లీ లోకంలో లేదు. అమ్మకానికి పెట్టినది లోహంతో పాటు ఆ చరిత్రనూ, ఆ కీర్తినీ కూడానని ఆయన తేల్చి, అది యథార్థమైన ఓల్డ్ నంబర్ వన్ అని నిర్ణయించాడు.

ఈ తీర్పు చదివినప్పుడు బౌద్ధవాఙ్మయంతో పరిచయమున్నవారికి పాళీ గ్రంథమైన 'మిలిందపఞ్హ' జ్ఞాపకం రాక మానదు. యవనరాజు మిలిందుడు రథమెక్కి వచ్చి నాగసేనుడనే భిక్షువును ప్రశ్నిస్తాడు. నాగసేనుడు ఎదురు ప్రశ్న వేస్తాడు: నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా? ఏదీ కాదంటాడు రాజు. పోనీ ఇవన్నీ కాక వేరుగా రథమన్నది ఉన్నదా అంటే, అదీ లేదు. ఈ భాగాల కూర్పును ఆధారం చేసుకుని పెట్టుకున్న వ్యవహారనామమే రథం. రాజు వచ్చిన రథానికీ బర్నాటో పందెపు బండికీ నడుమ రెండువేల సంవత్సరాలున్నవి. ఐనా హైకోర్టులో జరిగిన చర్చకు నాగసేనుడు సాక్షిగా వచ్చి ఉంటే ఉభయ పక్షాల న్యాయవాదులకూ కొంత శ్రమ తప్పేది. పూరీలో జగన్నాథుని రథాలను ఏటేటా కొత్త కొయ్యతో నిర్మిస్తారు. నందిఘోష ఏటా నందిఘోషయే.

ఐతే ఈ వాదానికి ఎదురుగా నిలిచే కారు ఒకటున్నది. స్విట్జర్లండు, ఇటలీ దేశాల నడుమ మజొరే అనే పెద్ద సరస్సు ఉన్నది. 1930లలో, సుంకం చెల్లించని ఒక బుగాటి కారును ఆస్కోనా గ్రామం వద్ద ఆ సరస్సులోనికి గొలుసుకట్టి దింపారు. గొలుసు తుప్పుపట్టి తెగిపోయి, కారు యాభై మూడు మీటర్ల లోతున అడుగుకు చేరినది. 1967లో ఒక ఈతగాడు దానిని కనుగొన్నాడు. 2008లో ఆ ప్రాంతపు యువకుడొకడు కొందరి దాడికి గురై మరణించగా, అతని స్మృతితో యువజనులలో హింసను నివారించే నిధి ఒకటి ఏర్పడినది. దానికి ధనం సమకూర్చడానికి స్థానిక ఈతసంఘంవారు 2009 జూలైలో కారును పైకి లాగారు. 1925 నాటి బ్రెషా జాతి బుగాటి. ఒక ప్రక్క ఇంకా కారులాగా ఉన్నది. రెండవ ప్రక్క జల్లెడ. 2010 జనవరిలో పారిస్ వేలంలో 2,60,500 యూరోలకు అమ్ముడుపోయినది. కొన్న కాలిఫోర్నియా వస్తుశాలవారు ఏమి చేశారు? ఏమీ చేయలేదు. చుక్క రంగు వేయలేదు, రేకు అతకలేదు. నీరు తిన్న ఆ ఎముకలగూడును ఉన్నదున్నట్లుగా నిలబెట్టారు. ఆ వస్తుశాల 2024లో మూతపడినది. అంతవరకు వచ్చినవారు తళతళలాడే కార్లను దాటి వచ్చి దాని ముందు ఆగేవారు. దానికి కొత్త శరీరం తొడిగి ఉంటే బాగా కనిపించేదేమో; కాని సరస్సులో గడిచిన డెబ్బది ఏండ్లు ఆ క్షణంలోనే తుడిచిపెట్టుకుపోయేవి.

పాత కార్ల అందాల పోటీలలో చిరకాలం ఈ తుడిచివేతకే బహుమతులు లభించినవి. తయారైననాటికంటె ఎక్కువ మెరిసేటట్లు చేసిన కార్లు గెలిచేవి. అభిరుచి మారుతున్నది. 1950 నుండి కాలిఫోర్నియాలోని పెబుల్ బీచిలో జరుగుతున్న ప్రఖ్యాత ప్రదర్శనలో 2024లో మొట్టమొదటిసారిగా, పునరుద్ధరణ చేయక కాపాడిన కారుకు ప్రథమ బహుమతి వచ్చినది. అది ఒకప్పుడు బెల్జియం రాజు లియొపోల్డ్ వద్ద ఉన్న 1934 నాటి బుగాటి టైప్ 59. పగిలిన రంగు, చిరిగిన తోలు అన్నీ దానితోనే వచ్చినవి.

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదానికి పోయినవారు పసుపుపచ్చని రోల్స్-రాయిస్‌ను చూచి ఉంటారు. వెనుక భాగంలో సింహాసనం వంటి ఎత్తైన ఆసనం ఉండడంచేత సింహాసన కారని పేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోసం ఉద్దేశించినది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ చాసిస్‌పై లండనులోని బార్కర్ కంపెనీవారు శరీరం కట్టారు. అది సిద్ధమయ్యేసరికి నిజాము జీవించి లేరు, 1911లోనే గతించారు. తరువాత వచ్చిన ఉస్మాన్ అలీఖాన్ మితవ్యయానికి పేరుపడినవారు. దానిని బహు అరుదుగా వాడారు. చాలా కాలం మూలపడి ఉన్న తరువాత బాగుచేయించి ప్రదర్శనకు పెట్టారు. ఓల్డ్ నంబర్ వన్ విశ్రాంతి లేకుండా పరుగెత్తి తన ఇనుమంతా పోగొట్టుకున్నది, పేరు నిలుపుకున్నది. ఈ కారు పరుగెత్తనే లేదు; అందుచేత ఇనుము మిగిలినది. ఈ రెండింటిలో దేనిని అదృష్టవంతమైనదనాలో చెప్పడం అంత సులభం కాదు.

1966లో ఏర్పడిన పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఈ తర్జనభర్జనలను ఒక కొలిక్కి తేవాలని 2012లో ట్యూరిన్ నగరం పేరిట ఒక నియమావళిని ఆమోదించినది. కట్టడాల పరిరక్షణకై 1964లో వెనిస్‌లో రూపొందిన నియమావళియే దానికి ఒరవడి. దేవాలయపు పద్ధతి కారుకు వర్తించడంలో వింతలేదని దీనివలన తెలుస్తున్నది. ఉన్నదానిని కాపాడడం ముందు, బాగుచేయడం తరువాత, కొత్తది చేర్చడం తప్పనిసరి ఐనప్పుడే అని దాని సారాంశం.

మన దేశంలో 2021 జూలైలో కేంద్రప్రభుత్వం మోటారువాహనాల నిబంధనలను సవరించి, తొలి రిజిస్ట్రేషను నాటినుండి యాభై ఏండ్లు నిండిన వాహనాలకు వింటేజ్ హోదా కల్పించినది. ఇరవైవేల రూపాయలు చెల్లిస్తే పదేండ్లకు రిజిస్ట్రేషను లభిస్తుంది. నంబరులో 'విఎ' అన్న అక్షరాలుంటవి. ప్రదర్శనలకు, యాత్రలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు దానిని వాడరాదు. ఒక షరతు ముఖ్యం: వాహనం మౌలిక రూపంలో ఉండాలి, చాసిస్, శరీరం, ఇంజను విషయంలో చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండరాదు.

తెలుగు ఊళ్లలో ఈ షరతు ముందుగా తగిలేది అంబాసిడరు కారుకు. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1950ల చివర మొదలై 2014 వరకు తయారైన ఆ కారులో తొలితరంవి యాభై ఏండ్లు ఎప్పుడో దాటినవి. తండ్రి కొన్న అంబాసిడరును కొడుకు అమ్మలేక పెరట్లో తాటాకుపందిరి క్రింద ఉంచుకున్న ఇళ్లున్నవి. కాని వాటిలో చాలావాటికి, పెట్రోలు ధర భరించలేక, ఊరి షెడ్డులోనే డీజిలు ఇంజను వేయించుకున్నారు. ఆ ఇంజనుతోనే పెళ్లిళ్లకు తిరిగినది, ఆసుపత్రులకు పరుగెత్తినది. జస్టిస్ ఆటన్ దృష్టితో చూస్తే అది నిస్సందేహంగా ఆ ఇంటి కారే. నిబంధన దృష్టితో చూస్తే హోదా దొరకడం కష్టం. పాత పెట్రోలు ఇంజనును ఎక్కడో సంపాదించి మరల బిగిస్తే హోదాకు దారి దొరకవచ్చు. కాని ముప్పది ఏండ్లు ఆ ఇంటిని మోసిన ఇంజను బయటికి పోతుంది. ఏది తీయాలో, ఏది ఉంచాలో ఆ ఇంటివారే తేల్చుకోవాలి.

ట్యూరిన్ నియమావళిలో పైకి కనిపించని ఒక అంశం ఉన్నది. బాగుచేసేవాడు కొత్త భాగం వేయక తప్పనప్పుడు, దానిమీద చెరగని గుర్తు ఒకటి పెట్టాలి. చూడవచ్చినవారి కంటికి అది తగలనక్కరలేదు. రేకు లోపలివైపున, కొయ్యచట్రం అడుగున, సంవత్సరాన్ని తెలిపే నాలుగు అంకెలు ఉలితో కొట్టి ఉంచినా చాలును. మరొక యాభై ఏండ్ల తరువాత ఆ బోల్టు విప్పేవానికి అవి కనిపిస్తవి.